ఓటు శిస్తు కాదు

ముప్పై ఒక్క ఏళ్లకే మద్రాసు ప్రభుత్వ పగ్గాలు చేపట్టారు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు. అయిదేళ్లు తిరక్కుండానే సొంత జమీందారీ గడ్డ మీద ఓడిపోయారు. తొమ్మిది దశాబ్దాల కిందటి ఆ ఎన్నిక ఉత్తరాంధ్ర ఓటరు ఎలాంటివాడో తొలిసారి లోకానికి చెప్పింది.

1937 ఫిబ్రవరిలో బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ల రైతులకు ఎన్నడూ ఎరగని అనుభవం ఎదురైంది. ఏటా ఎవరి దివాణానికి శిస్తు కడుతున్నారో, ఎవరి పేరు చెబితే తలపాగా తీసి చంకలో పెట్టుకుంటారో, ఆ రాజావారికే ఇప్పుడు తమ ఓటు కావాలి. ఆయన మామూలు జమీందారు కూడా కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి ఫస్ట్ మినిస్టర్. ఈనాటి మాటలో ముఖ్యమంత్రి. ఇచ్ఛాపురం సమీపం నుంచి కన్యాకుమారి దరిదాపుల దాకా, అటు మలబారు దాకా పరుచుకున్న రాష్ట్రానికి పెద్ద.

ఆయనకు ఎదురు నిలబడ్డ మనిషికి ఇక్కడ కోటా లేదు, ఠాణా లేదు. బరంపురం నుంచి వచ్చిన ప్లీడరు, రైలు కార్మికుల నాయకుడు వరాహగిరి వెంకటగిరి. కాంగ్రెసు అభ్యర్థి.

చదువురాని ఓటరు కూడా తికమకపడకూడదని ఆ ఎన్నికల్లో రంగుల పెట్టెలు పెట్టారు. కాంగ్రెసుకు దక్కినది పసుపు పెట్టె. గడపకు రాసే రంగు, ముత్తయిదువ పాదాలకు రాసే రంగు. దాన్ని గుర్తుపెట్టుకోమని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పనిలేకపోయింది. లోపలికి వెళ్లిన రైతు తన చీటీ ఏ పెట్టెలో వేశాడో బయట నిల్చున్న దివాణం నౌకరుకు తెలిసే వీల్లేదు. శిస్తు కట్టేటప్పుడు, రసీదు తీసుకునేటప్పుడు, కరణం ముందు నిలబడ్డప్పుడు, నీటి కోసం ప్రాధేయపడ్డప్పుడు అతని బతుకంతా అమీనుల కళ్ల ముందే నడిచింది. ఎవరూ చూడకుండా అతను తీసుకున్న మొదటి నిర్ణయం బహుశా అదే.

లెక్క తేలేసరికి గిరి గెలిచారు. రాజావారు ఓడారు.

ఈ ఎన్నికను రెండో బొబ్బిలి యుద్ధం అనేయడం తేలిక. కాని 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకూ, విజయనగరం సేనలకూ ఎదురొడ్డి నాటి బొబ్బిలి రాజా రంగారావు, తాండ్ర పాపారాయుడు పోరాడినప్పుడు యుద్ధం కోటకూ కోటకూ మధ్య జరిగింది. ఊళ్లో రైతు ఎటున్నాడని అప్పుడు ఎవరూ అడగలేదు. 1937లో అడిగారు. అతను జవాబు చెప్పాడు. అందుకే ఆ ఓటమిని, ఓడిన మనిషిని, ఆ తర్వాత ఈ నేల మీద జరిగినదాన్ని కలిపి చూడాలి.

కోట నుంచి కౌన్సిల్‌కి

రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు 1901 ఫిబ్రవరి 20న పుట్టారు. చిన్న వయసులోనే జమీందారీ బాధ్యత మీద పడింది. వెలమ దొరల వంశం, బొబ్బిలి యుద్ధం తాలూకు కీర్తి, వేల ఎకరాల మీద శిస్తు వసూలు చేసే హక్కు పుట్టుకతో వచ్చాయి. శాసనసభ్యత్వం మాత్రం ఆ కాలం ఇచ్చిన అవకాశం.

1919 సంస్కరణలతో మద్రాసులో కొత్త శాసనమండలి ఏర్పడింది. 132 మంది సభ్యుల్లో 98 మందిని ఎన్నుకుంటారు. ఎన్నుకునేది ఎవరు? 1920లో ప్రెసిడెన్సీ మొత్తం మీద ఓటర్లు పన్నెండు లక్షల పైచిలుకు. భూమి శిస్తో, ఇంటి పన్నో ఒక స్థాయిలో కట్టేవాళ్లకే ఓటు. జమీందార్లకైతే విడిగా స్థానాలే ఉండేవి. అధికారం కూడా సగం సగమే. చదువు, వైద్యం, స్థానిక సంస్థలు, వ్యవసాయం, ఎక్సైజు లాంటివి మంత్రులకు. పోలీసు, భూమిశిస్తు, ఖజానా గవర్నరు చేతిలో. ద్వంద్వ ప్రభుత్వం అని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది ఇదే.

ఆ ఇరుకు సభలో బ్రాహ్మణేతరుల పార్టీగా పుట్టిన జస్టిస్ పార్టీ చాలా ఏళ్లు రాజ్యమేలింది. దాని పెద్దల్లో తెలుగు జమీందార్లు ఎక్కువ. మొదటి దశలో పార్టీని నడిపిన పానగల్ రాజా రామరాయణింగారు కూడా వెలమ దొరే. ఉద్యోగాల్లో అన్ని కులాలకూ వాటా ఉండాలన్న కమ్యూనల్ జీవో ఆయన కాలంలోనే వచ్చింది. ఈ మేలును తక్కువ చేసి చూడకూడదు. కచేరీల్లో, కాలేజీల్లో తలుపులు మూసుకుపోయిన కులాలకు ఆ జీవో నిజంగానే తలుపు తెరిచింది.

బొబ్బిలి రాజా ఈ బాటలోనే నడిచారు. 1925 నుంచి రెండేళ్లు ఢిల్లీలో కౌన్సిల్ ఆఫ్ స్టేట్ సభ్యులు. 1930లో మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి జస్టిస్ పార్టీ తరఫున వెళ్లారు.

ఆ సమావేశాన్ని గాంధీజీ వెళ్లిన సమావేశంగానే మనం గుర్తుంచుకుంటాం. కాని మన తీరం వాళ్లకు మరో సంగతి కూడా ఉంది. అదే సభలో భూస్వాముల ప్రతినిధిగా పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్, జస్టిస్ పార్టీ తరఫునే బరంపురం వాసి ఎ.పి.పాత్రో, కార్మికుల ప్రతినిధిగా వి.వి.గిరి కూర్చున్నారు. పాత గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఏకంగా నలుగురు. ఇరుగుపొరుగు ఊళ్ల వాళ్లు భూమికి ఒకరు, కూలికి ఒకరు, కులానికి ఒకరు వకాల్తా పుచ్చుకుని దేశ భవిష్యత్తు మీద మాట్లాడటానికి వెళ్లారు. వాళ్లలో ఇద్దరు ఆరేళ్లకు బొబ్బిలిలో ముఖాముఖి తలపడ్డారు.

తంజావూరు మలుపు

1930లో ఫస్ట్ మినిస్టరైన బి.మునుస్వామి నాయుడు చిత్తూరు వైపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన న్యాయవాది. పార్టీలోని జమీందార్లకు, ధనవంతులకు ఆయనతో పొసగలేదు. వాళ్లంతా ఒక జట్టు కట్టారు. ఆ జట్టుకు ముందు నిలబడ్డవారు బొబ్బిలి రాజా. 1932 అక్టోబరులో తంజావూరులో జరిగిన పార్టీ మహాసభలో నాయకత్వం చేతులు మారింది. నవంబరు 5న రామకృష్ణ రంగారావు ఫస్ట్ మినిస్టరుగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లు. మునుస్వామి నాయుడు వేరు కుంపటి పెట్టుకున్నారు. పార్టీలో పడ్డ ఆ చీలిక మళ్లీ అతకలేదు.

బొబ్బిలి నుంచి వెళ్లిన యువకుడు మద్రాసులో కూర్చున్న కాలం మామూలుది కాదు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం అణా తగ్గలేదు. నిరుడు పది బస్తాలమ్మి శిస్తు కట్టినవాడు ఈ ఏడు అదే శిస్తుకు ఇంకా ఎన్నో బస్తాలు అమ్మాలి. మిగిలేది తిండికి చాలదు. అప్పు, ఆపై పుస్తెలు తాకట్టు, ఆపై భూమి వేలం. ఈ వరస వంశధార, నాగావళి ఒడ్డు పల్లెల్లో పెద్దలు పిల్లలకు చెప్పుకునే కథల్లో నిన్నమొన్నటిదాకా వినబడేది.

అలాంటి రోజుల్లో మద్రాసు మంత్రుల జీతం నెలకు నాలుగు వేల మూడు వందల పైచిలుకు రూపాయలు. మంత్రికి అయిదు వందలు మించకూడదని కాంగ్రెసు 1931 కరాచీ మహాసభలోనే తీర్మానించింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే కాంగ్రెసు వక్తకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు. పత్రికలు కూడా అదే పని చేశాయి.

ఆయన ప్రభుత్వం పని చేయలేదా అంటే, చేసింది. తాలూకా బోర్డులను రద్దు చేసి స్థానిక సంస్థల నిర్మాణాన్ని మార్చింది. రైతుకు సంబంధించి ఒక పెద్ద చట్టం తెచ్చింది. ఆయన కథకు కీలకం ఆ చట్టంలోనే ఉంది.

ఇనాం రైతుకు దక్కింది, జిరాయితీ రైతుకు అందనిది

ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత పరిష్కారం. జమీందారు కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ మొత్తం ఎప్పటికీ మారదు. రైతు జమీందారుకు కట్టే శిస్తుకు మాత్రం అలాంటి గట్టి కట్టడి లేకపోయింది. వందేళ్ల గొడవల తర్వాత 1908లో వచ్చిన ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జిరాయితీ భూమి దున్నుతున్న రైతుకు సాగు హక్కు ఇచ్చింది. శిస్తు కడుతున్నంత కాలం అతన్ని వెళ్లగొట్టకూడదు.

జమీందారీల మధ్య ఇంకో రకం ఊళ్లు ఉండేవి. అగ్రహారాలు, దేవుడి మాన్యాలు, శ్రోత్రియాలు. వాటిని కలిపి ఇనాం గ్రామాలు అంటారు. అక్కడి రైతు తాతల నాటి నుంచి దున్నుతున్నా, ఈ భూమి నాదేనంటూ ఇనాందారు కోర్టుకెక్కితే ఎటూ తేలేది కాదు. 1918లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు తర్వాత ఇనాందారుది మరీ పైచేయి అయింది. ప్రభువు దానం చేసింది శిస్తు మాత్రమేనని, భూమి కాదని ముందే అనుకోవడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారాంశం. అంటే రైతే రుజువు చేసుకోవాలి. తాటాకు మీదో, రాగిరేకు మీదో ఎవరో ఎప్పుడో రాసిచ్చిన దానపత్రంలో తన ముత్తాతకు హక్కుందని అక్షరం ముక్క రాని రైతు ఎలా రుజువు చేస్తాడు?

బొబ్బిలి రాజా మంత్రివర్గ కాలంలో 1936లో ఎస్టేట్స్ ల్యాండ్ చట్టానికి మూడో సవరణ వచ్చింది. గ్రామం మొత్తంగా ఇనాంగా ఉంటే అది కూడా ఎస్టేటు లెక్కలోకే వస్తుందని, అక్కడి రైతుకూ సాగు హక్కు ఉంటుందని ఆ సవరణ చెప్పింది. ఇది చిన్న మాట కాదు. అగ్రహారం రైతు ఏటేటా కౌలు పొడిగింపు కోసం దొడ్డిగుమ్మం దగ్గర నిలబడే రోజు ముగిసింది. అతను తన చేనికి పెంట తోలించి, గట్టు మీద తాడి నాటి, ఇది నా కొడుకు దున్నుతాడన్న ధీమాతో ఉండవచ్చు. రాజావారి శాసనసభా జీవితంలో ఇంతకన్నా గొప్ప పని లేదు.

ఆ చట్టం ఒక్క గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయింది. ఇనాందారు అధికారాన్ని కత్తిరించిన ప్రభుత్వం జమీందారు శిస్తు జోలికి పోలేదు. పక్క రైత్వారీ ఊళ్లో ఎకరానికి కట్టే దానికంటే ఎక్కువ కడుతున్నామన్నది జమీందారీ రైతుల ప్రధాన ఫిర్యాదు. దాని మీద బిల్లు లేదు. కొండవార ఊళ్లలో కట్టెలకూ, మేతకూ, నాగలి కర్రకూ దివాణం చీటీ కావాల్సి రావడం ఇంకో ఫిర్యాదు. దాని మీదా బిల్లు లేదు. పార్టీలో బలమంతా జమీందార్లదే అయినప్పుడు ఎలా వస్తుంది? ఇతరుల భూమి విషయంలో న్యాయం చేయగలిగిన శాసనకర్త తన భూమి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. బొబ్బిలి రైతు 1937లో తీర్పు చెప్పింది ఈ ఆగిపోవడం మీదే అని నా నమ్మకం. రాజావారు చెడ్డవారని ఆ ఓటు అనలేదు. రాజు చేసే చట్టం రాజు గుమ్మం దాటదని అన్నది.

కంపెనీ రైలు మీద వచ్చిన ప్లీడరు

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు వెళ్లి, అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం పెట్టుకున్నందుకు 1916లో ఆ దేశం విడిచి రావాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ప్లీడరీ కంటే కార్మికుల పనే ఎక్కువైంది. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి నాయకుడు. ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా పార్వతీపురం, రాయగడ వైపు వెళ్లే లైను కూడా ఆ బెంగాల్ నాగపూర్ కంపెనీదే. కోటకు కూతవేటు దూరంలో పట్టాలేసిన గ్యాంగ్‌మన్‌కు, సిగ్నల్ దీపం వెలిగించే కూలీకి, ఫైర్‌మన్‌కు గిరి పేరు కొత్త కాదు. దివాణం రసీదుల పుస్తకంలో లేని కొత్త జనం వాళ్లు. నెల జీతం మీద బతికేవాళ్లు, సంఘం పెట్టి సమ్మె చేసినవాళ్లు. ఊళ్లో వాళ్లకూ అన్నదమ్ములున్నారు, వియ్యంకులున్నారు. యజమానికి ఎదురు నిలబడి కూడా బతకవచ్చన్న సంగతి పల్లెకు మోసుకొచ్చింది వాళ్లే.

1935 చట్టం ఓటర్ల సంఖ్యను కూడా పెంచింది. ప్రెసిడెన్సీలో ఓటర్లు దాదాపు అరవై లక్షలకు చేరారు. జనాభాలో ఏడెనిమిది మందికి ఒకరు. పేద కూలీకి, కొండ మీది సవరకు, జాతాపుకు ఇంకా ఓటు అందనే లేదు. కాని చిన్న రైతుకు అందింది. 1920లో పెద్ద రైతుల, ప్లీడర్ల, వర్తకుల చేతిలో ఉన్న ఓటు ఇప్పుడు పదెకరాలవాడి చేతికి, అంతకంటే తక్కువవాడి చేతికి వచ్చింది.

ఫలితం అందరికీ తెలిసిందే. 215 స్థానాల కొత్త శాసనసభలో 159 కాంగ్రెసువి. పదిహేడేళ్లలో ఎక్కువ కాలం అధికారంలో ఉన్న జస్టిస్ పార్టీ కుప్పకూలింది.

ఏప్రిల్ ఒకటి

మన సరిహద్దు చరిత్రలో ఏప్రిల్ 1కి ప్రత్యేక స్థానం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. టెక్కలి, పాతపట్నం వైపు ఇటు మిగిలింది. గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి పనిచేసిన పర్లాకిమిడి ఒక్క రోజులో పరరాష్ట్రమైంది. ఆ తర్వాత మూడు రోజులకు, ఏప్రిల్ 4న, బొబ్బిలి రాజా పదవిని పి.టి.రాజన్‌కు అప్పగించి యూరప్ ప్రయాణమయ్యారు. ఆగస్టు 24న మళ్లీ బాధ్యత తీసుకున్నారు. ఎన్నికలకు ముందు ఏడాదిలో నాలుగున్నర నెలలు నాయకుడు దూరంగా ఉండటం పార్టీకి మేలు చేసి ఉండదు.

సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, ఆయన పదవీకాలం ముగిసింది. అదే రోజు కటకంలో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా మొదటి ప్రధానిగా ప్రమాణం చేశారు. లండన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు పొరుగు జమీందార్లలో ఒకరు దిగిన రోజే మరొకరు ఎక్కారు. ఎక్కినవారు కూడా ఎంతో కాలం ఉండలేదు. పదవి స్వీకరించే విషయంలో కాంగ్రెసు తటపటాయించినన్నాళ్లూ గవర్నర్లు ఇలాంటి తాత్కాలిక మంత్రివర్గాలతో నెట్టుకొచ్చారు. మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడు మూడున్నర నెలలు ఉన్నారు. జులైలో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి, బొబ్బిలి విజేత గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి. జీతం అయిదు వందలు.

గెలిపించిన రైతు ఇంటికెళ్లి పడుకోలేదు

మన చరిత్ర రచనలో చాలా చోట్ల కథ ఇక్కడితో ఆగిపోతుంది. రాజు ఓడాడు, ప్రజ గెలిచింది అని. ఉత్తరాంధ్ర రైతు మాత్రం ఆగలేదు. తాను గెలిపించిన ప్రభుత్వం వచ్చిన ఏడాదే, 1937లో, ఇచ్ఛాపురం నుంచి రైతు రక్షణ యాత్ర బయలుదేరింది. ఊరూరా సభలు పెట్టుకుంటూ, అర్జీలు సేకరించుకుంటూ 1938లో మద్రాసు చేరింది. ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం కూర్చుని 1938లో నివేదిక ఇచ్చింది. అది చట్టం రూపం దాల్చకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది.

ఆ మరుసటి ఏడు పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు. అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం తిరగబడ్డ రైతుల మీద ఆ కాల్పులు జరిగాయి. నిండు చూలాలు వీరగున్నమ్మ అక్కడే నేలకొరిగింది. బొబ్బిలి ఓటులో, మందస నెత్తుటిలో అడిగిన ప్రశ్న ఒక్కటే. దున్నేవాడికి భూమి మీద, కొండ కింద బతికేవాడికి అడవి మీద ఎంత హక్కు?

దానికి సగం జవాబు 1947 శిస్తు తగ్గింపు చట్టంతో, 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో వచ్చింది. బొబ్బిలి, విజయనగరం, మందస అన్న తేడా లేకుండా జమీందారీలన్నీ చరిత్రలో కలిశాయి. అప్పటికి రామకృష్ణ రంగారావు ఎక్కడున్నారు? రాజ్యాంగ సభలో. మద్రాసు నుంచి ఎన్నికైన సభ్యుల్లో ఆయనా ఒకరు. శిస్తు కట్టినా కట్టకపోయినా, అక్షరం వచ్చినా రాకపోయినా, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అని రాసిన సభ అది. పరిమిత ఓటుతో ఎదిగి, కాస్త విస్తరించిన ఓటుతో ఓడి, సార్వత్రిక ఓటును రాసిన సభలో కూర్చున్న శాసనకర్త ఆయన. దేశంలోనే ఇలాంటి ప్రయాణం చేసినవారు కొద్దిమంది.

పార్వతీపురంలో 565 ఓట్లు

రాజును ఓడించిన గిరిని ఈ నేల నెత్తిన పెట్టుకుంది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు పంపింది. నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నారు. కార్మిక నాయకుడిగా ఆయన నిజాయతీకి అది గుర్తు.

1957లో ఆయన పార్వతీపురం నుంచి నిలబడ్డారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయించారు, రెండోది జనరల్. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. రిజర్వుడు స్థానం బిడ్డిక సత్యనారాయణకు, జనరల్ స్థానం డిప్పల సూరి దొరకు దక్కాయి. మూడో స్థానంలో గిరి. సూరి దొరకూ ఆయనకూ తేడా 565 ఓట్లు.

గిరి కోర్టుకెక్కారు. గిరిజన అభ్యర్థి జనరల్ స్థానం ఎలా తీసుకుంటారన్నది ఆయన మొదటి వాదన. సూరి దొర కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తోంది కాబట్టి ఆయన్ను గిరిజనుడిగా చూడకూడదన్నది రెండో వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో కోర్టు మెజారిటీ తీర్పుతో రెండు వాదనలనూ తోసిపుచ్చింది. రిజర్వేషన్ అంటే అంతకు తక్కువ కాకుండా అని అర్థం. అంతకు మించి గిరిజనుడు గెలవకూడదని కాదు. జనరల్ స్థానం ఎవరి సొత్తూ కాదు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. ఆ మార్పు వెనుక ఈ పార్వతీపురం కేసు ప్రభావం స్పష్టం.

1937లో ఓటు లేని కొండ ప్రజ ఇరవై ఏళ్లకు కాబోయే రాష్ట్రపతిని ఓడించింది. గిరి ఆ తర్వాత గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా, 1969లో రాష్ట్రపతిగా ఎదిగారు. ఆ ఎదుగుదలకు ఈ ఓటమి అడ్డు రాలేదు. రాజును ఓడించినందుకు మీకు శాశ్వత పట్టా ఇచ్చామని ఓటరూ అనుకోలేదు.

తిరిగి వచ్చిన రాజావారు

1967లో రామకృష్ణ రంగారావు అరవై ఆరేళ్ల వయసులో మళ్లీ బొబ్బిలిలో నిలబడ్డారు. జస్టిస్ పార్టీ లేదు, జమీందారీ లేదు, వసూలు చేయడానికి శిస్తూ లేదు. స్వతంత్ర అభ్యర్థి. ఈసారి బొబ్బిలి ఆయన్ను గెలిపించి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పంపింది. దీన్ని పాత రాచరికం మీద మోజు అనుకోవడం ఓటరును తక్కువ చేయడమే. 1937లో ఆయన చేతిలో రైతు మెడ మీద కత్తి ఉంది. 1967లో లేదు. అధికారం పోయిన మనిషిని మనిషిగా తూచి ఓటేశారు. ఆయన 1978 మార్చి 10న కన్నుమూశారు. ఆ కోట వారసులు ఈ శతాబ్దంలోనూ బొబ్బిలి నుంచి గెలిచారు, ఓడారు, మళ్లీ గెలిచారు.

అదే 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల పక్షం తూటాలకు బలయ్యారు. శ్రీకాకుళ పోరాటం రాజుకున్నది అక్కడే. మైదానం రైతుకు పాక్షికంగానైనా తీరిన భూమి ప్రశ్న కొండ మీద తీరలేదని ఆ ఘటన చెప్పింది. ఓటు ఒక్కటే అన్నీ తీర్చదు. అయితే ఓటు లేనప్పుడు ఆ ప్రశ్న సభ దాకా వెళ్లనే వెళ్లదు.

మనం పిల్లలకు 1757 కథ రోమాలు నిక్కబొడుచుకునేలా చెబుతాం. బుర్రకథలో విన్నాం, సినిమాగా చూశాం. చెప్పాల్సిందే. దాని పక్కనే 1937 బొబ్బిలి, 1940 మందస, 1957 పార్వతీపురం కూడా చెప్పాలి. విజయనగరం, శ్రీకాకుళం, మన్యం జిల్లాల బడుల్లో సాంఘికశాస్త్రం పాఠంలో ఈ మూడు ఊళ్లకు చోటుండాలి. ఒకే ప్రాంతంలో ఇరవై ఏళ్లలో జరిగిన ఈ సంగతుల కంటే ప్రజాస్వామ్యాన్ని బాగా వివరించే పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

రామకృష్ణ రంగారావు జీవితాన్ని ఓడిన జమీందారు కథగా కుదించకూడదు. అగ్రహారం రైతుకు ఆయన ప్రభుత్వం ఇచ్చిన హక్కు నిజం. సొంత జిరాయితీ రైతు విషయంలో ఆ చట్టం ఆగిపోయిందన్నదీ నిజం. ఏ శాసనకర్తనైనా ఈ రెండు కొలతలతోనే చూడాలి. పరాయి సొత్తు మీద ఎంత న్యాయంగా ఉన్నాడు, తన సొత్తు మీద ఎంత న్యాయంగా ఉన్నాడు. ఇసుక, గనులు, సెజ్‌లు, చెరువు గట్లు, డి-పట్టాల మీద ఈ రోజు చట్టాలు చేస్తున్నవారికీ అదే కొలత వర్తిస్తుంది. రాజావారికీ, గిరికీ ఇక్కడి ఓటర్లు ఆ కొలతే పెట్టారు. ఇద్దరినీ గెలిపించారు, ఇద్దరినీ ఓడించారు. శిస్తు ఏటా కట్టి తీరాల్సింది. ఓటు అలాంటిది కాదు. ప్రతిసారీ అడిగి తీసుకోవాల్సిందే.